‘మా ఫ్రెండ్‌కి’ అని అడిగే పుస్తకాలు

నేను పనిచేసిన పుస్తకాల షాపుకు వచ్చినవాళ్ళలో ఎవరికీ ఏ సమస్యా ఉండేది కాదు. సమస్యలన్నీ వాళ్ళ ఫ్రెండ్స్‌కే. "మా ఫ్రెండ్‌కి కోపం ఎక్కువ, ఏదైనా పుస్తకం ఉందా?" "మా బావమరిదికి నలుగురిలో మాట్లాడాలంటే భయం, వాడికోసం." "మా ఆఫీసులో ఒకాయనకి నిద్ర పట్టదంట." ఫ్రెండ్స్ కోసం ఇంత తాపత్రయపడే మనుషులు దిల్‌సుఖ్‌నగర్ నిండా ఉన్నందుకు మొదట్లో నాకు ముచ్చటేసేది. ఆ ఫ్రెండు ఎప్పుడూ కౌంటరుకు అవతలే నిలబడి ఉంటాడని తెలియడానికి కొంతకాలం పట్టింది.

ఈమధ్యే రిటైరయ్యాను. మా వీధిలో ఒకమ్మాయి పుస్తకాల షాపులో సేల్స్‌కు చేరబోతూ "ఆంటీ, పని ఎట్లుంటది?" అని అడిగింది. జీతం, సెలవులు, కంప్యూటర్‌లో బిల్లు కొట్టడం వాళ్ళే చెప్తారు. వాళ్ళు చెప్పని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. నా అరలు మూడు: మనస్తత్వం, వ్యక్తిత్వ వికాసం, వ్యాపారం. ఈ మూడు అరల ముందే నా వయసంతా గడిచిపోయింది. నాకేమీ బాధ లేదు, బాగా గడిచింది.

అద్దాల బీరువా

మా షాపు మెయిన్ రోడ్డు నుంచి ఒక సందులోకి తిరిగితే వచ్చేది. పైన కంప్యూటర్ కోర్సులు, పక్కన గవర్నమెంటు ఉద్యోగాల కోచింగు, ఎదురుగా మిర్చి బజ్జీల బండి. ఓనరు ప్రసాదరావు గారు తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మాది నల్గొండ దగ్గర పల్లె, ఎల్‌బీ నగర్‌లో కాపురం. ఆయన "ఏవమ్మా, స్టాకొచ్చిందా?" అనేవారు. నేను "ఒచ్చింది సార్" అనేదాన్ని. ఇన్నేళ్ళలో ఆయన భాష నాకు అంటలేదు, నాది ఆయనకు అంటలేదు. పనికి మాత్రం ఎప్పుడూ అడ్డం రాలేదు.

ఆయనకు వ్యాపారం బాగా తెలుసు. మనుషులే కొంచెం ఆలస్యంగా అర్థమయ్యేవారు. ఒకసారి కోపం తగ్గించుకునే పుస్తకాలు, పిరికితనం పోగొట్టే పుస్తకాలు, మొగుడూపెళ్ళాల గొడవల పుస్తకాలు అన్నీ తెప్పించి, ముందున్న అద్దాల బీరువాలో లైటు కింద పేర్పించారు.

"కనపడితేనే కదమ్మా కొనేది," అన్నారు.

నెల గడిచినా ఒక్కటి కదల్లేదు. జనం అద్దం దగ్గర ఆగేవారు, తొంగి చూసేవారు, వెనక ఎవరో వస్తున్న అలికిడైతే చాలు, పక్కనున్న జనరల్ నాలెడ్జి పుస్తకం వైపు తల తిప్పేసేవారు. నడిబజార్లో నిలబడి "నాకు భయం" అని చెయ్యెత్తమంటే ఎవరెత్తుతారు? చివరికి నేనే వాటన్నిటినీ తీసి లోపలి మూలకు, డిక్షనరీల పక్కన సర్దాను. డిక్షనరీల దగ్గర ఎంతసేపు నిలబడ్డా ఎవరి పరువూ పోదు. నెలాఖరుకల్లా మళ్ళీ ఆర్డరు పెట్టాల్సి వచ్చింది. "మనుషులు భలే చిత్రమైనవాళ్ళమ్మా," అన్నారు ప్రసాదరావు గారు. అప్పటినుంచి ఆ పుస్తకాలకు పాత న్యూస్‌పేపరు అట్ట వేసి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. అడిగాక వెయ్యకూడదు, అడగకముందే వెయ్యాలి. అడగాలంటే మళ్ళీ వాళ్ళకు సిగ్గు.

జనం ఏం వెతుక్కుంటారు

రచయిత పేరు వెనక ఎన్ని డిగ్రీలున్నాయో ఎవరూ చూడరు. ముందుమాట చదవరు. పుస్తకాన్ని సరిగ్గా మధ్యలో తెరుస్తారు. అక్కడ ఒక మనిషి కనిపించాలి. అప్పులపాలైనవాడో, అత్తతో పడలేనిదో, ఇంటర్వ్యూలో నోరు పెగలనివాడో ఎవరో ఒకరుంటే ఇంకో పేజీ తిప్పుతారు. వరసగా సూత్రాలుంటే మూసేసి, "మళ్ళీ వస్తాలెండి," అంటారు. రారు.

వ్యాపారం పుస్తకాల గురించి నా ఉద్దేశం సూటిగా చెప్పేస్తాను. ఏడాదిలో కోటీశ్వరుణ్ణి చేస్తానన్న పుస్తకం కొన్నవాడు మళ్ళీ మా షాపు ముఖం చూడడు. రేపు పొద్దున షట్టర్ ఎత్తాక మొదటి గంట ఏం చెయ్యాలో చెప్పిన పుస్తకం కొన్నవాడు, తర్వాతి నెల వాళ్ళ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వస్తాడు. మనస్తత్వం పుస్తకాల్లో రోగాల పేర్లున్నవాటికన్నా "ఇది నీ ఒక్కడికే కాదు" అని చెప్పేవే ఎక్కువ పోయేవి. తప్పులు పట్టే పుస్తకాలు అసలు పోవు. డబ్బులిచ్చి తిట్లు ఎవరు కొనుక్కుంటారు, అవి ఇంట్లో ఉచితంగానే దొరుకుతుంటే?

ఇదంతా నాకు పుస్తకాలు చదివితే తెలిసింది కాదు. చాలామట్టుకు ఒక చీరల షాపు వల్ల తెలిసింది. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

తమ్ముడి కోసం

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా నడుస్తున్న రోజులు. వారంలో ఎప్పుడు బందో, ఎప్పుడు రాస్తారోకోనో ముందురోజు దాకా తెలిసేది కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం ముప్పై ఏళ్ళ మనిషి ఒకామె వచ్చి నా కౌంటరు ముందు నిలబడింది.

"మా తమ్మునికి మేడం. దుకాణం పెట్టిండు. గిరాకీ రావాలంటే ఎట్ల మాట్లాడాలె, ఎట్ల నడ్పాలె, గసొంటిదేమన్న ఉన్నదా తెలుగుల?"

"ఏం అమ్ముతడు మీ తమ్ముడు?"

"చీరలు."

అడుగుతున్నంతసేపూ ఆమె చేతులు ఊరుకోలేదు. కౌంటరు మీద చిందరవందరగా పడున్న పుస్తకాలను అంచుకు అంచు కలిపి, అరచేత్తో సాపు చేసి, దొంతిగా పేరుస్తోంది. ఆ తమ్ముడెవరో నాకు తెలిసిపోయింది. కూర్చోమని స్టూలు జరిపాను, టీ తెప్పించాను. టీ తాగేలోపే తమ్ముడు మాయమైపోయాడు.

పేరు సుజాత. అత్తగారిది పోచంపల్లి దగ్గర మగ్గాల ఇల్లు. చంపాపేట్‌లో ఒక చిన్న మడిగె కిరాయికి తీసుకుని చీరల దుకాణం పెట్టారు. భర్త లారీ మీద తిరుగుతాడు కాబట్టి గల్లా దగ్గర కూర్చునేది సుజాతే. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆమె పని ఆసు పొయ్యడం. చీరకు రంగులద్దే ముందు మేకుల మధ్య దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పొయ్యాలి, పొద్దస్తమానం. ఆ పనిలో ఆమె కుడి భుజం పోయింది. జడ వేసుకోవాలన్నా చెయ్యి లేవని స్థితికి వచ్చాక, డాక్టరు చెప్తేనే ఆమెను దుకాణంలో కూర్చోబెట్టారు.

"బందులకు సగం దినాలు పోతున్నయి మేడం. తెరిచిన దినాలు గూడ గిరాకీ లేదు. మా మామ ఖరాఖండిగ చెప్పిండు, బతుకమ్మ పండుగ దాకా చూస్తడట. నడ్వకపోతే తాళమేసి ఊరికి పోదామన్నడు. ఊరికి పోతే నాకు మళ్ళ ఆసే గద."

భుజం పట్టుకుని ఆ మాటంది.

ఇంతలో ప్రసాదరావు గారు లోపల్నుంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టారు. "ఇది తీసుకెళ్ళమ్మా. బ్రహ్మాండంగా పోతోంది. చెప్పింది చెప్పినట్టు చెయ్యండి, అంతే." ఎక్కడో దూరదేశంలో ఒకాయన రాస్తే ఇక్కడ ఎవరో తెలుగు చేసిన పుస్తకం. సుజాత దాన్ని కళ్ళకద్దుకుంది. పేపరు అట్ట వేయించుకుని మరీ వెళ్ళింది.

సగం షట్టర్ కింద

బందు రోజు మా షట్టర్ నడుం దాకా లేచి ఉండేది. పూర్తిగా ఎత్తితే ఊరేగింపులో వచ్చే పిల్లలు మూయిస్తారు, పూర్తిగా మూస్తే ప్రసాదరావు గారి ప్రాణం ఒప్పదు. తమాషా ఏంటంటే, పొద్దున నినాదాలు చేస్తూ మూయించిన ఆ పిల్లలే మధ్యాహ్నానికి వంగుని లోపలికొచ్చి కోచింగు పుస్తకాలు తిరగేసేవారు. రాష్ట్రం వస్తే ఉద్యోగాలు పడతాయి, చదవాలి కదా మరి. అందుకని మా షాపులో మామూలు రోజుకన్నా బందు రోజే రద్దీ ఎక్కువ.

"ఏవమ్మా, మీవాళ్ళని బందులు ఆదివారం పెట్టుకోమని చెప్పొచ్చు కదా," అనేవారు ప్రసాదరావు గారు.

"మీ ఓళ్లకు చెప్పుండ్రి సార్ తెలంగాణ జల్దియ్యమని. అసలు బందులే ఉండయి," అనేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆయనా నవ్వేవారు.

దసరాకు కొద్దిరోజుల ముందు అలాంటి ఒక బందు పూట సుజాత షట్టర్ కిందనుంచి వంగి లోపలికొచ్చింది. వస్తూనే అట్ట వేసిన పుస్తకం తీసి కౌంటరు మీద పెట్టింది.

"గీ పుస్తకం వాపస్ తీస్కో మేడం. ఉన్న గిరాకీ గూడ పోయింది."

ఏం జరిగిందంటే, ఆ పుస్తకంలో ఒక అధ్యాయం నిండా ఒకటే మాట: కొనడానికి వచ్చినవాళ్ళ పేరు తెలుసుకో, కళ్ళలోకి చూస్తూ చిరునవ్వుతో ఆ పేరు పెట్టి పిలువు, మాటల్లో కనీసం మూడుసార్లు పేరు రావాలి. సుజాత చెప్పింది చెప్పినట్టు చేసింది. మొదట దొరికింది యాదగిరి అనే పెద్దాయన. కూతురికి చీర కోసం వస్తుంటే పక్క దుకాణంవాళ్ళు పేరు పెట్టి పలకరించడం ఆమె వింది. "యాదగిరి గారూ, రండి. ఏం చూపియ్యాలె యాదగిరి గారూ?" అందట. ఆయన గుమ్మం దాటకుండానే ఆగిపోయాడు.

"నా పేరు నీకెవ్వరు చెప్పిండ్రు? అప్పు కోసం బ్యాంకోళ్లు గిట్ల ఒచ్చిండ్రా?" అని అడిగి, అటునుంచి అటే వెళ్ళిపోయాడు.

షాపులో ఉన్న పిల్లలు పుస్తకాలు పక్కనపెట్టి పగలబడి నవ్వారు. సుజాతకు కూడా నవ్వొచ్చింది. కానీ రెండోది చెప్పేటప్పుడు నవ్వలేదు.

వాళ్ళ దుకాణానికి వచ్చేవాళ్ళలో పక్కనున్న కాలనీ ఆడవాళ్ళే ఎక్కువ. ఆ కాలనీలో ఎవరికీ సొంత పేర్లుండవు. పింకీ మమ్మీ, బన్నీ మమ్మీ, మూడో నంబరాంటీ. అందరికీ పెద్దదిక్కు చింటూ మమ్మీ. ఏ చీర ఎక్కడ కొనాలో ఆమె చెప్తే మిగతావాళ్ళు అక్కడే కొంటారు. ఒకరోజు ఆమె అక్క వెంట వచ్చి "అనసూయా" అని పిలవడం విని, సుజాత ఆ పేరు గుర్తుపెట్టుకుంది. తర్వాతిసారి చింటూ మమ్మీ వాళ్ళ అత్తగారితో వచ్చింది. సుజాత నిలబడి, కళ్ళలోకి చూసి, చిరునవ్వుతో మొదలుపెట్టింది. "అనసూయ గారూ, ఈ రంగు మీకు మస్తుంటది. అనసూయ గారూ, ఇది జర పట్టుకొని చూడుండ్రి..."

మూడోసారి దాకా వెళ్ళనివ్వలేదు అత్తగారు.

"ఏందమ్మా, మా కోడల్ని పేరు వెట్టి పిలుస్తున్నవ్? నువ్వేమన్న దాని ఈడుదానివా, దోస్తువా? మా ఇంట్ల మేమే పిలువం!" అని, కోడలి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఆ రోజునుంచి కాలనీలో ఒక్కరూ దుకాణం మెట్లెక్కలేదు.

"రాసినాయన అత్తగార్ని చూసి ఉండడమ్మా," అన్నారు ప్రసాదరావు గారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మొత్తం సదివిన మేడం. మంచిగనే రాసిండు. గని గీ పుస్తకంల మా అసొంటోళ్లు ఒక్కళ్లు గూడ లేరేంది? గాయన దుకాణానికి అత్తలు రారా? ఆడోళ్లు ఇంటికాడ అడిగి ఒస్తమని అననే అనరా?"

ఎన్నో ఏళ్ళుగా ఆ అర ముందు నిలబడ్డాను. పాఠకులకు ఏం కావాలో అంత తేటగా చెప్పినవాళ్ళు మరొకరు లేరు. మధ్యలో పుస్తకం తెరిచి జనం వెతికేది అదే, తమలాంటి ఒక మనిషిని. ఆ క్షణంలో మాత్రం నాకు పుస్తకాల మీద ధ్యాస లేదు. ఆమె భుజం మీదే ఉంది.

"పుస్తకం ఎప్పుడైనా వాపస్ తీస్కుంట," అన్నాను. "రేపు ఆడోళ్లందరు రోడ్డు మీద బతుకమ్మ ఆడుతున్నరు. వాళ్ల కాలనీ గూడ ఒస్తది. నేనూ ఉంట. ఒచ్చి చింటూ మమ్మీతోని ఒక్క మాట చెప్పు."

"ఏమని చెప్పాలె? గదేమన్న రాసి ఉన్నదా గీ పుస్తకంల?"

"లేదు," అన్నాను. అందులో నిజంగానే లేదు.

రోడ్డు మీద బతుకమ్మ

ఆ ఏడు బతుకమ్మ గుళ్ళ దగ్గర ఆగలేదు, మెయిన్ రోడ్ల మీదికే వచ్చేసింది. ఎల్‌బీ నగర్ వైపు బస్సులు ఆపేసి, రోడ్డు మధ్యన బతుకమ్మలు పేర్చి, జెండాలు కట్టి ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతున్నారు. ఒకపక్క వంటావార్పు, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. తంగేడు పూల వాసన, పొగ, మైకులో ప్రసంగం, అన్నీ కలిసిపోయాయి. సుజాత ఒక చిన్న బతుకమ్మను పట్టుకుని వచ్చింది. ఎడమచేత్తో పట్టుకుంది, కుడిచెయ్యి దాని బరువు మోయలేదు.

చింటూ మమ్మీ కనపడగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. నేను వీపు మీద చెయ్యేసి ముందుకు నెట్టాను. బతుకమ్మను పట్టుకునే దగ్గరికి వెళ్ళింది. ముందు మాట్లాడింది చింటూ మమ్మీయే.

"ఒచ్చినవా? నేనే ఒద్దామనుకున్న మీ దుకాణానికి. మా అత్త పోనియ్యలే."

"తప్పయింది. పుస్తకంల అట్ల పిలవమని..."

"కోపం మా అత్తకు. నాకు గాదు." ఆవిడ సుజాత చెయ్యి పట్టుకుని గుంపుకు కొంచెం ఎడంగా తీసుకొచ్చింది. నేను పక్కనే ఉన్నాను. "పెండ్లయినంక నా పేరు మా అమ్మగారింట్లనే ఇడ్సిపెట్టి ఒచ్చినట్టయింది. ఇంట్ల ఓయ్ అంటరు. బయట చింటూ మమ్మీ అంటరు. నువ్వు పిలిస్తే ఎవరినో అనుకొని ఎనకకు తిరిగి చూసిన. నన్నే అని తెలిసేసరికి ఏడుపొచ్చింది. గా పుస్తకంల ఏం రాసిండ్రో గని, ఇంకొక్కపారి పిలువు."

సుజాత పుస్తకాన్ని మర్చిపోయింది. గారు రాలేదు, చిరునవ్వూ రాలేదు. కళ్ళనిండా నీళ్ళతో "అనసూయక్కా" అంది.

తర్వాత ఇద్దరూ కలిసి అత్తగారి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ బతుకమ్మ మీద పసుపు గౌరమ్మను సర్దుతోంది. సుజాత వంగి, "పెద్దమ్మా, నీ కోడలు నాకు అక్కనే. గందుకే పిలిచిన," అంది. ఆవిడ తలెత్తింది.

"అక్క అనేదానివి అక్క అనక, గారు ఏంది గారు? కచ్చీరుల సర్కారోళ్లు పిలిచినట్టు! మాకు భయం పుట్టదా?" అని కసురుకుని, "పండుగకు నాకొక చీర తీసిపెట్టు. దానికన్న మంచిదుండాలె," అంది.

నేను పెద్దగా నవ్వేశాను. చెప్పొద్దూ, ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

అట్ట వద్దు

పండుగ చివరిరోజైన సద్దుల బతుకమ్మ లోపల కాలనీ అంతా సుజాత దుకాణంలోనే ఉంది. ఆమె పింకీ మమ్మీని విమలక్కా అంది, మూడో నంబరాంటీని కౌసల్యత్తా అంది. పిలిపించుకున్న ప్రతివాళ్ళూ ఇంకొకర్ని తీసుకొచ్చారు. పండుగ ముందురోజు చీరలు మడతపెట్టడానికి మనిషి చాలక మామగారే వచ్చి కూర్చున్నాడు. తాళం ఊసు మళ్ళీ ఎత్తలేదు. సుజాత పుస్తకాన్ని వాపస్ ఇవ్వలేదు. "సగం మాటలు మంచివే మేడం. మిగతా సగం మా వాడకట్టుకు సరిచేసుకోవాలె," అంది. వ్యాపారం పుస్తకం మీద అంతకన్నా మంచి అభిప్రాయం నేను ఎక్కడా వినలేదు. కొత్తగా చేరేవాళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు. పుస్తకానికి అక్షరాలా లొంగిపోయేవాడికన్నా, దానితో గొడవపడడానికి తిరిగొచ్చేవాడే మీ అసలు పాఠకుడు. వాడికి స్టూలు వెయ్యండి, టీ ఇప్పించండి.

దసరా వెళ్ళాక ఒకరోజు అనసూయ ఒక్కతే మా షాపుకు వచ్చింది. పోచంపల్లి చీర కట్టుకుంది, సుజాత అమ్మిందే. డిక్షనరీల మూలకు వెళ్ళలేదు. నేరుగా కౌంటరు దగ్గరికొచ్చి, షాపులో నలుగురూ వినేలా అడిగింది.

"మనుషులను పేరు వెట్టి పిలవమన్న పుస్తకం కావాలె మేడం."

ఎన్నేళ్ళ అలవాటో, నోట్లోంచి వచ్చేసింది. "ఎవరికమ్మా? ఫ్రెండ్‌కా?"

"నాకే," అంది.

ప్రసాదరావు గారు పేపర్లోంచి తలెత్తారు. ఆ మాట ఆ షాపులో ఆయన కూడా అంతకుముందు విని ఉండరు. నేను పుస్తకం తీసి, పాత పేపరు అందుకుని మడత పెట్టబోయాను.

"అట్ట ఒద్దు మేడం. మొదటి పేజీ మీద నా పేరు రాసియ్యుండ్రి. పెద్దగ."

బాల్‌పెన్ను పక్కనపెట్టి ప్రసాదరావు గారి సిరా పెన్ను అడిగి తీసుకున్నాను. పేజీ మధ్యలో పెద్ద అక్షరాలతో రాశాను. అనసూయ. వెనక ఇంకో ఇద్దరు బిల్లు కోసం నిలబడ్డారు. ఆవిడ మాత్రం కదల్లేదు. సిరా ఆరేదాకా ఆ పేజీ అలాగే తెరిచి పట్టుకుని నిలబడింది.